రెండు తొవ్వల పద్యం

కూతురు ఉన్న అర్రలోకి వచ్చిన బీరన్న చేతిలో కల్లుముంత ఉంది. బయట పరిచిన ఉన్ని గొంగడి మీద పెళ్లికొడుకు వాళ్లు కూర్చున్నారు. వాళ్లు తెచ్చిన ఆ కల్లు వాళ్ల ముందు తాగితే కూతురు గోపమ్మ పెళ్లి ఖాయం. ఇక పాలమూరులో పంతులమ్మ ట్రైనింగు లేనట్టే.

"పొద్దుగాల ఏడ్సుకుంట చదివినవు గద, గా రెండు తొవ్వల పాత పద్యం. దానర్థమేంది?" అని కూతుర్ని అడిగాడు.

నచ్చిన దారే మంచిదని అబద్ధపు అర్థం చెప్పొచ్చు. బాపుకు చదువు రాదు.

"ఏ తొవ్వల పోయినా, పోని తొవ్వకోసం ఏడుస్తరట బాపూ." గోపమ్మ ఉన్నదే చెప్పింది.

బీరన్న ముంతలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఎట్లయినా ఏడ్సుడే అయితే, నీకు నచ్చిన తొవ్వలనే ఏడువు బిడ్డా."

కల్లు తాగకుండానే ముంతను వాళ్లకు తిరిగిచ్చాడు. వాళ్లు లేచి వెళ్లిపోయాక, గొంగడి దులిపి తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"పాలమూరుల కప్పుకో."