కుందేలు వదిలేసిన బంట్లు

మూడు బంట్లు ఎక్కువుండి కూడా ముంగిస చదరంగంలో కుందేలు చేతిలో ఓడిపోయింది. పందెం కాసిన బొరియ పోయింది.

ఆట మొదట్లోనే కుందేలు వరసగా బంట్లు వదిలేస్తుంటే, ముంగిస తన మంత్రిని తిప్పి తిప్పి అన్నిటినీ తినేసింది. "ఇలా ఆడితే ఏం మిగుల్తుందే పిచ్చిమొహమా!" అని నవ్వింది కూడా.

అంతలో కుందేలు గుర్రాలూ ఏనుగులూ ముంగిస రాజును చుట్టేశాయి.

"ఆటకట్టు, అక్కా!"

ముంగిస పావులు లెక్కపెట్టింది. "అదెలా? నా బలగమే ఎక్కువ కదా!"

"ఎక్కువే. నీ గుర్రాల్లో, ఏనుగుల్లో ఒక్కటైనా గడి కదిలిందా? నువ్వు తింటున్నంతసేపూ నావాళ్ళు నడిచొచ్చారు."

ముంగిస బిత్తరపోయి చూసింది. తన గుర్రాలు పెట్టినచోటే నిలబడి ఉన్నాయి.

పిల్లల్ని వెంటబెట్టుకుని బొరియ ఖాళీ చేసింది. ఎవరైనా బంటు ఊరికే ఇస్తే, ముందు తన గుర్రాలను బయటికి తీశాకే దాన్ని ముట్టాలని ఆ పూటే తీర్మానించుకుంది. మళ్ళీ ఎన్నడూ ఆ మాట తప్పలేదు.