ఆకుపచ్చ చుక్క

"గడప దాటిందంటే కాళ్ళు ఇరగ్గొడతా. చెప్పు దానికి."

బెంగళూరు నుంచి శివకృష్ణ గొంతు గిద్దలూరులోని ఆ ఇంటి వసారా దాటి వీధిలోకి వినిపించింది. అతని తల్లి అలివేలమ్మ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది. ఆమెకు ఎడమ చెవి వినపడదు. మొగుడు కొట్టిన దెబ్బకు, పెళ్ళయిన కొత్తలోనే పోయింది.

"వినపడిందా ఏమే, నీ మొగుడు ఏమంటన్నాడో?" ఆమె లోపలి గది వైపు తిరిగి అరిచింది. "చెవుల్లో సీసం పోసుకున్నావా?"

లోపలి నుంచి జవాబు రాలేదు.

"చూసినావా నాయనా, దాని పొగరు?"

కోడలు శివపార్వతికి ఒంగోలులో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. గొడవంతా అక్కడే మొదలైంది. వద్దన్నా బయల్దేరిందని శివకృష్ణ ఆమెను బస్టాండులో జుట్టు పట్టుకుని, అందరూ చూస్తుండగా వెనక్కి ఈడ్చుకొచ్చాడు. ఆ తర్వాత, మనిషి ఎక్కడుందో చూపించే యాపు ఒకటి ఆమె ఫోనులో వేసి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆమె తన కాళ్ళ మీద పడేదాకా మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాడు. యాపులో ఆమె చుక్క ఇల్లు దాటితే మాత్రం ఆ రాత్రికే బస్సెక్కి వస్తానన్నాడు. అది ఉత్త బెదిరింపు కాదని తల్లికీ తెలుసు, భార్యకీ తెలుసు.

బెంగళూరులో అతని పని ఒక లారీల ఆఫీసులో. ఏ లారీ ఎక్కడుందో కంప్యూటరులో చూస్తూ కూర్చోవాలి. భార్యనూ అందులోనే చూసుకుంటున్నాడు.

"ఫోను తీసి చూసే పనే లేదమ్మా," అని మొదట్లోనే గొప్పగా చెప్పాడు. "ఆ యాపు కంప్యూటర్లో ఏసుకున్నా. ఇంత పెద్ద తెర మీద ఆకుపచ్చ చుక్క. పొద్దస్తమానం కళ్ళ ముందరే ఉంటాది."

"ఫోన్లో ఉండేది, మన లోపలి గదిలో ఉండే అట్లాంటి కంప్యూటర్లోకి ఎట్ల వస్తాదిరా?"

"దానికో సాఫ్ట్‌వేరు ఉందిలే. కంప్యూటర్లోనే ఉత్తుత్తి ఫోను తయారు చేస్తాది. యాపుకేం తెలుసు? నిజం ఫోనే అనుకుంటాది."

"ఓయబ్బో! దాని పేరేందో చెప్పు. నా కొడుకు తెలివి నలుగురికీ చెప్పుకుంటా."

అతను మురిసిపోయి పేరు చెప్పాడు. ఆమెకు నోరు తిరగకపోతే రెండుసార్లు పలికించాడు.

అప్పటి నుంచి సాయంత్రం అయిందంటే ఫోను మోగేది.

"చుక్క కదల్లేదమ్మా. దారికొచ్చినట్టుంది. ఛార్జింగు కూడా ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటాది. ముందైతే ఫోను చచ్చిపోయిందని సాకులు చెప్పేది."

"నా చేతి కింద పడినాక దారికి రాకుండా ఏడికి పోతాది?"

పక్కింటి వెంకటసుబ్బులమ్మ గోడ మీదుగా తల పెట్టింది. "ఏం నోరు వదినా నీది! ఆ పిల్ల మొహం చూసి ఎన్నాళ్ళయిందో. వాకిట్లోకన్నా రానీయవా?"

"నీ కోడలిని నెత్తిన పెట్టుకోని ఊరేగు పో. నా కోడలితో నీకేంది పని?"

"ఉసురు తగులుతాది."

"తగలనీ."

అలివేలమ్మ మేకకు కొమ్మ విసిరేసి లోపలికి పోయింది. గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడు. "మింగు!" అన్న కేక వీధి చివరి దాకా వినపడింది. వెంకటసుబ్బులమ్మ చెంపలు వేసుకుని తల దించేసింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వెంటనే ఫోను మోగింది.

"అమ్మా! చుక్క ఆరిపోయింది! ఏదది?"

"ఏడికి పోతాదిరా? కరెంటు పోయింది. నెట్టు డబ్బా ఆరిపోయింది."

"దాని ఫోన్లో నెట్టు లేదా?"

"నువ్వేమన్నా రీఛార్జి చేయించినావా?"

శివకృష్ణ మాట మార్చాడు.

"దాన్ని పిలువు," అన్నాడు. "దాని గొంతు నేను వినాల. లేదంటే ఇప్పుడే బస్సెక్కుతా."

అలివేలమ్మ ఫోను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"పిలుస్తా, నాదేం పోయింది? ఏమే! ఇట్ల రా! నీ మొగుడు నీ కాళ్ళ దగ్గరికి వచ్చినాడు. నీ పంతమే నెగ్గింది. నవ్వుకుంటా రా!"

"అమ్మా! ఎవరు ఎవరి కాళ్ళ దగ్గరికి వచ్చింది?"

"మరేందిరా? అది కాళ్ళ మీద పడిందాకా మాట్లాడనంటివి. ఇప్పుడు నువ్వే ముందు పలకరిస్తా అంటివి. రేపటి నించి నిన్ను లెక్క చేస్తాదా, నన్ను లెక్క చేస్తాదా? సరే, నీ ఇష్టం. ఇదో, ఇస్తాండా..."

"వద్దు! ఇయ్యబాకు!" అతను పళ్ళు కొరికాడు. "లోపలే పడుండమను."

"విన్నావు గదా? పో లోపలికి!"

కరెంటు వచ్చేసరికి పొద్దు వాలింది. అలివేలమ్మ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి బెంగళూరులో పెద్ద తెర మీద చుక్క మళ్ళీ పచ్చగా వెలిగింది, సరిగ్గా ఇంటి మీద.

శివకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. పక్క సీటతనికి ఆ చుక్క చూపించి, "ఆడదాన్ని ఇట్ల పెట్టుకోవాల," అన్నాడు.

శివపార్వతిని తన చేత్తోనే ఒంగోలు బస్సెక్కించి వచ్చిన రోజు నుంచి, ఆమె నేర్పి వెళ్ళినట్టే ఇంటి కంప్యూటరులో, ఆమె యాపు ఎక్కించిన ఉత్తుత్తి ఫోనును వెలిగించుకుంటూ, అలివేలమ్మ తిడుతున్నది ఖాళీ గదిని.