ఈసారి ఉరకలేదు

"వంగు! వంగమంటున్న గదా, చెవులు లేవా?"

రాజేశ్ అరుపుకు పుష్ప చేతిలోని ఫోన్ జారినంత పనైంది. తెర మీద ఆమె బొమ్మ మంచులో వంగి కూర్చుంది. తోడేలు దగ్గరకొచ్చి, చుట్టూ తిరిగి, వాసన చూసి, తన దారిన తాను పోయింది.

"చూసినవా? ఉరికితే ఎంటబడతది. ఒర్రి కేకేస్తే మీద పడతది. వంగి కదలకుంట కూసుంటే దానికి నువ్వు కనబడవు. గీ ఆటల తోడేలుకైనా ఎలుగుబంటికైనా గిదే కాయిదా."

నిజం అడవిలో వదిలితే రాజేశ్ అరగంటలో ఏడుస్తాడు. కల్వకుర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే మాత్రం అడవికి రాజు తానే. భార్య పుష్ప పక్కనే కూర్చుని ఫోన్లో ఆడుతుంది. మూడో మనిషి ఆమె తమ్ముడు పర్వతాలు. అచ్చంపేట అవతల అడవి అంచున గొర్రెలు కాసుకునే అతను మంద దగ్గర నుంచే తన ఫోన్లో వీళ్లతో కలుస్తాడు.

"బావా, అది పోయిందా?" స్పీకర్లో పర్వతాలు గొంతు వినిపించింది.

"అది ఏందిరా? తోడేలు అను."

"గొర్ల కాడ దాని పేరు తియ్యం బావా. పేరు తీస్తే పిలిచినట్టే."

"ఆటల గొర్లకు గూడ పట్టింపులేనా తమ్మీ?" పుష్ప పడీపడీ నవ్వింది.

ఆ ఆటలో ముగ్గురూ కలిసి నెలల తరబడి కష్టపడి దుంగల ఇల్లు కట్టారు. దొడ్డి వేసి గొర్రెల్ని పెంచారు. ముగ్గురిలో ఏ ఒక్కరు చచ్చినా తెర ఎర్రబడి అందరి ఆటా మట్టిలో కలుస్తుంది. ఒకసారి అలాగే కలిసింది. ఎలుగుబంటి వస్తే పర్వతాలు భయపడి పరుగెత్తాడు. "గొర్లు కాసేటోనికి గొర్రె బుద్ధే ఉంటది" అని రాజేశ్ నోటికొచ్చినట్టు తిట్టి చాలాకాలం మాట్లాడలేదు. రాఖీ పండగొస్తే పుష్ప కూడా పనుందని వంక పెట్టి తమ్ముడి దగ్గరకు పోలేదు. ఆటకింత పగా అని అడిగినవాడు లేడు. చివరికి పర్వతాలే బతిమాలుకున్నాడు. ఇకనుంచి బావ చెప్పనిది అడుగు తీసి అడుగు వేయనని అమ్మ మీద ఒట్టేశాక గానీ మళ్లీ ఆటలోకి రానివ్వలేదు.

"మేమిద్దరం ఏరు దాటి జింక కోసం పోతున్నం. నువ్వు మంట కాడనే ఉండు, కదలకు" అన్నాడు రాజేశ్.

"సరే బావా."

జింక దొరికింది. రాజేశ్ దాని తోలు తీస్తుండగా స్పీకర్లో గుసగుస.

"బావా. అది వచ్చింది."

ఏరు దాటి వెనక్కి పోయేసరికి ఆలస్యమైపోతుంది. ఇంత కష్టమూ ఇప్పుడీ పిరికి బావమరిది ప్రాణం మీద నిలబడింది.

"ఎంత దూరముంది?"

"ఎదురుంగ బండ మీదుంది. నన్నే జూస్తాంది. గొర్లు బెదిరి ఉరుకుతున్నయి."

"ఉరకనీ. గొర్లు మళ్ల దొరుకుతయి. నువ్వు కదలకు."

"చేతిల గొడ్డలుంది బావా. నిలబడి ఒర్రమంటవా? మా నాయిన గట్లనే..."

"మీ నాయిన ఎన్నడన్న గీ ఆట ఆడిండా? గొడ్డలి కింద పెట్టు!"

"జర ఆలోచించి చెప్పు బావా. కాళ్లు వణుకుతున్నయి."

"మళ్ల గదే ముచ్చట! పోయినసారి గిట్లనే అందర్ని ముంచినవ్. వంగి కూసో!"

"అక్కా..."

పుష్పకు చిరాకేసింది. "బావ జెప్పినట్టు జెయ్ తమ్మీ. ఈసారి గూడ చెడగొట్టినవనుకో, జన్మల నీ మొఖం చూడ."

గొడ్డలి కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"కూసున్న" అన్నాడు పర్వతాలు.

"శభాష్. తల గూడ వంచు. దగ్గరికొస్తాందా?"

"ఆ."

"రానీ. వాసన చూసి పోతది."

స్పీకర్ బరబరమంది. ఏదో కింద పడిన చప్పుడైంది.

"ఫోన్ పడేసుకున్నడు దరిద్రుడు" అంటూ రాజేశ్ తెరనే చూశాడు. పుష్ప అతని భుజం గట్టిగా పట్టుకుంది. తెర ఎర్రబడలేదు. ఇంకాసేపు చూశారు. అప్పటికీ ఎర్రబడలేదు.

"బతికిండు!" పుష్ప ఎగిరి చప్పట్లు కొట్టింది. "నా తమ్ముడు ఈసారి ఉరకలే!"

"ఎవరు చెప్పిండ్రు మరి?" రాజేశ్ కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపాడు. "మాట వింటే గొర్లు కాసేటోడు గూడ బతుకుతడు. ఒరే పర్వతాలూ, పలకవేందిరా?"

పుష్ప తమ్ముడి గొంతు కోసం స్పీకర్ శబ్దం పెంచింది.

"తిట్టినవని అలిగినట్టున్నడు" అంది పుష్ప.

"అలగనీ. పొద్దుగూకితే వాడే వస్తడు. వచ్చే ఆదివారం ఇంటికి రమ్మను, కోడిని కోద్దాం."

ఇద్దరూ జింకను మోసుకుని ఏరు దాటారు. దుంగల ఇల్లు కనిపించింది. దొడ్డి తలుపు వేసే ఉంది. లోపల గొర్రెలు ఒక్కటీ తగ్గకుండా నింపాదిగా నెమరు వేస్తున్నాయి.

"ఇదేంది, గొర్లు ఉరికినయన్నడు గదా?" అంది పుష్ప.

మంట చుట్టూ మంచులో ఏ జంతువు అడుగూ లేదు. మంట పక్కన, వాళ్లు వదిలి వెళ్లిన చోటే, పర్వతాలు బొమ్మ నిటారుగా నిలబడి ఉంది.