కంపెనీ మనిషి

కార్డు చూడగానే ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి మొహం చేటంతైంది.

"ఇన్సూరెన్సా! ముందే చెప్పొద్దూ? మీరు పైసా తియ్యక్కర్లేదు సార్. అన్నీ కార్డే చూసుకుంటుంది."

కటింగ్ మాస్టరుకి ప్రాణం లేచొచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కత్తెర పట్టినప్పట్నుంచీ అతన్ని సార్ అన్న నాథుడు లేడు. కూతురి గుండెలో చిల్లుందని తెలిశాక గొంతులో ముద్ద దిగడం లేదు పాపం. ఫ్యాక్టరీ ఇచ్చిన ఆ కార్డే ఇప్పుడు అతనికి దేవుడు.

"మొత్తం ఎంతవుతుందమ్మా?"

"మీకెందుకు సార్ ఆ తలనొప్పి?"

నిజమే కదా అనుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. దాన్ని కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. కాస్త బలం పుంజుకున్నాక ఆపరేషన్ అన్నారు. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఫలానా పరీక్ష, ఫలానా స్కానింగ్ అంటూ మాస్టరు చేత సంతకం పెట్టించుకుపోయేవాళ్ళు. కొన్ని చేశారు. కొన్నింటికి సంతకమే తప్ప పిల్లని మంచం కూడా దింపలేదు.

"ఇది చెయ్యలేదుగా సిస్టర్?" అన్నాడోసారి.

నర్సు గొంతు తగ్గించింది.

"ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళు మనిషిని పంపిస్తారు. ఏమడిగినా అన్నీ చేశారనే చెప్పండి. ఒక్కటి కాలేదన్నా కార్డు ఆపేస్తారు. ఇక పాపకి ఆపరేషన్ ఉండదు."

ఇంకేముంది, మాస్టరు నోటికి తాళం పడింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ మనిషి రానే వచ్చాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, చంకలో సంచి.

"పాపకి స్కానింగులన్నీ చేశారా తమ్ముడూ?"

ఓరి నాయనో, వేషం మార్చుకుని మరీ వచ్చాడే అనుకున్నాడు మాస్టరు.

"అన్నీ చేశారండీ."

"నిన్న రాసింది కూడా?"

"అదీ చేశారు."

"నిజం చెప్పు తమ్ముడూ. చెయ్యనివాటికి సంతకం పెట్టకు. కార్డులో ఎంత మిగిలిందో ఈరోజే అడుగు. అది అడుగంటేదాకా వీళ్ళు ఆపరేషన్ మాటెత్తరు."

అంతలో పిచ్చుకకి దగ్గు తెర వచ్చింది. మాస్టరు మంచం తలవైపు లేపబోయాడు. పిడి ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. నేల తుడుస్తున్న ఆయా చూస్తుండగానే ఆ మనిషి వంగి, పిడిని లోపలికి నొక్కి ఎడమకి తిప్పాడు. మంచం మెత్తగా లేచింది.

"ఇదింతే, మొరాయిస్తుంది. నొక్కి తిప్పాలి" అని పిల్ల తల నిమిరాడు.

మాస్టరుకి ఒళ్ళు మండింది. పసిపిల్ల దగ్గర కూపీ లాగడానికా ఈ ప్రేమంతా!

"అన్నీ చేశారని చెప్పానా లేదా? నా బిడ్డ ప్రాణంతో ఆడుకోకండి. సెక్యూరిటీ!"

ఆ మనిషి గొడవ పడలేదు. రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతుంటే మాత్రం వెనక్కి తిరిగి, "అడుగు తమ్ముడూ, ఒక్కసారి అడుగు" అన్నాడు.

నర్సు భేష్ అంది. గండం గడిచిందనుకున్నాడు మాస్టరు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే కౌంటర్ నుంచి పిలుపొచ్చింది. అదే అమ్మాయి. ఈసారి తలెత్తలేదు.

"కార్డు అయిపోయింది. ఆపరేషన్‌కి క్యాష్ కట్టండి. లేదంటే మంచం ఖాళీ చెయ్యండి."

"ఎలా అయిపోతుందమ్మా? పైసా తియ్యక్కర్లేదన్నావు కదా!"

"అన్నిటికీ సంతకం పెట్టింది మీరేగా?"

కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. బావమరిదికి చేశాడు. కార్డుందిగా, ఇంకేం కావాలన్నారు అందరూ.

అప్పుడు గుర్తొచ్చాడు ఆ మనిషి. కంపెనీవాడే కదా! కాళ్ళు పట్టుకుని నిజం చెప్పేస్తే, చెయ్యనివాటి డబ్బు మళ్ళీ కార్డులో వేయిస్తాడేమో. పిచ్చెక్కినట్టు వార్డులోకి పరుగెత్తాడు.

ఆయా అప్పుడే పిచ్చుక మంచం మీద దుప్పటి లాగేస్తోంది.

"ఆపరేషన్‌కి వెళ్దామా నాన్నా?" అంది పిచ్చుక.

మాస్టరు ఆయా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, మొన్న మంచం పిడి తిప్పాడే, ఆ కంపెనీ మనిషి ఎక్కడ దొరుకుతాడు?"

ఆయా చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"కంపెనీ మనిషేంటయ్యా? పోయిన నెల, కార్డు అయిపోయిందని ఇదే మంచం మీంచి దింపేస్తే, గేటు దాటకుండానే ప్రాణం పోయిన పిల్లకి తండ్రాయన."