ఇనప పీతల కాపరి

ఆ తీరంలో ఇప్పుడు గొర్రెలు కాసేవాళ్లకంటే ఇనప పీతలను కాసేవాళ్లే ఎక్కువ. సూరాడ దానయ్యదీ అదే పని. కంపెనీ కాలనీకి మంచినీళ్లు తెచ్చే గొట్టం సముద్రం అడుగున ఇసుకలో పూడ్చి ఉంటుంది. అలల పోటుకు ఇసుక కదిలి గొట్టం పైకి తేలకుండా పీతల్లా నడిచే ఈ యంత్రాలు రాళ్లు మోసి కప్పుతాయి. అలల దెబ్బ ఎక్కడ పడబోతోందో సీసపు గుండు కట్టిన తాడు దించి చూసి పీతలకు చెప్పేది దానయ్య.

పదేళ్ల కిందట ఆ రాళ్లే అతని ఊరికి అడ్డుగోడ. కంపెనీ ఇంజనీరు శశిభూషణం వాటిని గొట్టం కోసం ఎత్తించుకుపోయాడు. ఆ ఏడే సముద్రం ఊళ్లోకొచ్చి బావులన్నీ ఉప్పగయ్యాయి. కంపెనీవాళ్లు పీతల పని ఇస్తామంటే దానయ్య వెళ్లి చేరాడు.

ఈసారి తుఫాను కబురు వచ్చిన మర్నాడు శశిభూషణం ఒగరుస్తూ దానయ్య ఇంటికి వచ్చాడు.

"గొట్టం మీద ఒక్క రాయీ లేదు. పీతలేవి దానయ్యా?"

దానయ్య గడ్డంతో ఒడ్డు చూపించాడు. పీతలు బారులు తీరి పాత గోడ పేరుస్తున్నాయి.

"దెబ్బ మా ఊరి మీద పడతాదని సెప్పినాను బాబూ. నా మాట ఇనమని మీరే గదా వాటికి నేర్పినారు."

"గొట్టం తేలిపోతే మా పిల్లలేం తాగాలయ్యా?"

దానయ్య లోపలికి వెళ్లి చెంబుతో బావినీళ్లు తెచ్చాడు.

"ఎండనబడి వచ్చినారు, తాగండి. మా పిల్లలు పదేళ్లబట్టీ తాగతన్నవే."

శశిభూషణం ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మబోయాడు. దానయ్య మొహం చూసి మింగాడు.

"ఇంకా ఉన్నాయి బాబూ," అన్నాడు దానయ్య.