నోరు వేయని బొమ్మ

సుప్రియకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను లేకపోతే కూతురు వినీల ఏమైపోతుందోనని.

అందుకే స్కూల్ నుంచి ఫోన్ రాగానే లేసు అల్లిక మధ్యలో వదిలేసి వచ్చింది. ఆటో దిగాక చూసుకుంటే సూది ఇంకా చేతిలోనే ఉంది.

ఉమాశ్రీ టీచర్ బల్ల మీద డ్రాయింగ్ షీటు పరిచారు. ‘మనిషి, ప్రకృతి’ అని రెండో తరగతికి ఇచ్చిన హోంవర్కు. పిల్లల బొమ్మలు చూసి వాళ్ళ మనసులో ఏముందో చెప్పే ట్రైనింగ్ ఆవిడ ఈ మధ్యే రాజమండ్రిలో తీసుకున్నారు.

"మీ అమ్మాయిదేనండి. చూడండి."

గోదారి మధ్యలో ఒక ఆడమనిషి. పీకల్లోతు నీళ్ళు. జుట్టంతా నీళ్ళమీది గుర్రపుడెక్కై పారుతోంది. పైకెత్తిన చేతులు రెండూ కొబ్బరిచెట్లు. ముఖంలో కళ్ళున్నాయి. నోరు లేదు.

"మిగతావాళ్ళంతా సూర్యుడు, పడవ, వెనకాల కొండలు. మన నరసాపురంలో కొండలెక్కడున్నాయండీ!" టీచర్ నవ్వారు.

తర్వాత బొమ్మలోని నీళ్ళ మీద వేలు పెట్టారు.

"నీళ్ళంటే భయమండి. పీక దాకా వచ్చేసింది. చేతులు చెట్లైపోయాయంటే బరువు మోస్తోంది, దింపలేదు. ఇక నోరు లేదంటే..."

"చెప్పుకోడానికి ఎవరూ లేరు" అంది సుప్రియ.

"అదే! భలే పట్టుకున్నారే. ఏం చదువుకున్నారు?"

"టెన్త్ మధ్యలో మానిపించేశారండి."

"ఈ అలలు చూడండి. అన్నీ చిల్లులే, వలలాగ. ఎక్కడో చిక్కుకుపోయినట్టు. ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయా?"

"గొడవ పడ్డానికైనా మనుషులుండాలి కదండి. వాళ్ళ నాన్న మస్కట్‌లో. మేమిద్దరమే."

కిటికీలోంచి వినీల కనిపిస్తోంది. తొక్కుడుబిళ్ళలో ఓడిపోయి, గెలిచానని దెబ్బలాడుతోంది.

"పైకి అలాగే ఉంటారండి" అన్నారు టీచర్. "ఒంటరిగా వదలకండి. ముఖ్యంగా గోదారి వైపు. రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఎలా ఉన్నావని అడగాలి."

"ఎవరండి అడిగేది?"

"అదేం మాటండీ, మీరే!"

సుప్రియ ఏదో చెప్పబోయింది. షీటు మూలన ఎర్ర పెన్నుతో పదికి పది వేసి ఉంది. ఊరుకుంది.

గేటు దాటాక వినీల అమ్మ చేతిలోంచి సూది లాక్కుని, దాన్ని గాల్లో ఊపుకుంటూ ముందు పరిగెత్తింది. సుప్రియ మెల్లగా వెనకే నడిచింది.

రేవుకి వెళ్ళే దారిలో వాళ్ళది మూడో ఇల్లు, నీలం తలుపు. మీరెవరైనా అటు వెళితే ఒకసారి తలుపు కొట్టి, ఎలా ఉన్నావని సుప్రియని అడగండి. వినీల టీవీ ముందు నుంచి లేవనంటే ఆ బొమ్మ వేసిపెట్టింది ఆమే.