డికీ ఎఫ్‌కీ మధ్య గోడ

“నా ఎఫ్ డ్రైవు జోలికొస్తే ఊరుకోను,” అంది ఆవిడ, కంప్యూటర్‌కీ మెకానిక్‌కీ మధ్య చెయ్యి అడ్డం పెట్టి.

“డి నిండిపోయింది మొర్రో అని వారం నుంచి మొత్తుకుంటున్నాను. సోమవారానికి పుస్తకం ప్రెస్సుకి పంపకపోతే ఇద్దరం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి,” అన్నాడు భర్త.

మెకానిక్ సంచీ కింద పెట్టి, నడుం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. పొద్దుట్నుంచి ఇది నాలుగో ఇల్లు. ఇంటి ముందు గదే ఆ మొగుడూపెళ్ళాల ఆఫీసు. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. ఆయన పుస్తకాలకు పేజీలు పెట్టేది డిలో, ఆవిడ కుట్టుపూల డిజైన్లు గీసుకునేది ఎఫ్‌లో. తెర మీద డి గీత చివరిదాకా ఎర్రబడి ఉంది. ఎఫ్ సగానికి సగం ఖాళీ.

“పోనీ, కొన్ని ఫైళ్ళు అమ్మగారి ఎఫ్‌లో పెట్టుకోండి సార్.”

“ఇవాళ కొన్ని అంటారు, రేపు మొత్తం దింపుతారు. నా దాంట్లో కాస్త కోసి ఆయనకు అతికించండి చాలు,” అంది ఆవిడ.

“కుదరదమ్మా. ఎఫ్‌ని కోస్తే ఖాళీ దానికి అవతల పక్కన వస్తుంది, డికి ఆనదు. ఎఫ్‌లో ఉన్నవన్నీ ఈ బయట డిస్కులోకి కాపీ చేసి, ఎఫ్ తీసేసి, ఆ చోటు డిలో కలపాలి. ఆ తర్వాత మీవన్నీ మళ్ళీ తెచ్చి లోపల పెడతాను. మధ్య గోడ కొట్టేసి రెండు గదులు ఒకటి చేసినట్టు.”

“పోతేనో?”

“పోకుండా ఉండాలనే కదా కాపీ. డికి కూడా తీస్తాను. రెండూ సరిగ్గా వచ్చాయని మీరు చూసుకుని సరే అన్నాకే ఎఫ్ తీస్తాను.”

ఆవిడ ఇక వాదించే ఓపిక లేనట్టు చెయ్యి తీసేసింది.

మెకానిక్ కరెంటు పోయినా మిషను ఆగకుండా బ్యాటరీ పెట్టె తీగ సరిచూసుకుని డి కాపీ మొదలెట్టాడు. గంటా పది నిమిషాలు అని చూపించింది. ఆకుపచ్చ గీత నత్తలా కదులుతోంది. భర్త ప్రెస్సువాళ్ళ ఫోనొస్తే లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన నిలబడింది.

“కలిపాక నావి ఆయనకు కనపడతాయా?”

“ఒకే డ్రైవు అయిపోతుంది కదమ్మా. వెతికితే కనపడతాయి.”

ఆవిడ గొంతు తగ్గించింది. “మా మరిది కూతురి ఫోటోలండి. పురిట్లోనే తల్లి పోతే మూడేళ్ళు మేమే పెంచాం. మరిది మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లని తీసుకెళ్ళిపోయాడు. ఈయన ఆ ఫోటోలు ముందేసుకుని అన్నం మానేస్తుంటే చూడలేక, ఎవరి దగ్గరున్నవి వాళ్ళం తీసేద్దామని నేనే ఒట్టు పెట్టించాను. ఆయన తీసేశారు. నేను తియ్యలేకపోయాను.”

“నేను ఫోల్డర్లు తెరవనమ్మా. ఎలా ఉన్నవి అలాగే తెచ్చి పెడతాను,” అన్నాడు మెకానిక్.

ఎఫ్ కాపీ సగమయ్యేసరికి ఆవిడ ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది. ఫోను ముగించుకుని వచ్చిన భర్త ఆ అడుగుల చప్పుడు ఆగేదాకా ఉండి, తన కుర్చీని మెకానిక్ దగ్గరికి జరుపుకున్నాడు.

“నా డిలో ఒక ఫోల్డరుంది. అది మా ఆవిడ కంట పడకూడదు.”

మెకానిక్ తెర మీంచి చూపు తిప్పలేదు.

“అన్నీ వదిలేశానని తన కళ్ళలోకి చూసి చెప్పాను. తను పడుకున్నాక ఇప్పటికీ చూస్తున్నానని తెలిస్తే నా మొహం చూడదు.”

“అయితే తీసేద్దామా సార్?”

“వద్దు,” అన్నాడు భర్త. “నావల్ల కాదు.”

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. ఆవిడేమో పసిపిల్ల ఫోటోల కోసం అంత కుమిలిపోతుంటే, పెద్దమనిషికి ఈ వయసులో ఇదొకటి. “మీ సంగతులు నాకెందుకు సార్,” అన్నాడు ముక్తసరిగా.

కాపీలు పూర్తయ్యాయి. ఆయన నాలుగు పేజీలు, ఆవిడ నాలుగు డిజైన్లు తెరిపించి చూపించాడు. ఫైళ్ళ లెక్కలు సరిపోయాయి. ఎఫ్ తీసెయ్యమంటారా అని మిషను అడిగింది. ఆవిడ కళ్ళు మూసుకుని తలూపింది. అతను నొక్కాడు. మరో రెండు నొక్కుల్లో ఎఫ్ చోటంతా డిలో కలిసిపోయింది. ఎర్ర గీత నీలంగా మారి సగానికి కుంచించుకుంది. భర్త గట్టిగా ఊపిరి వదిలాడు.

ఇక ఆవిడ సామాను వెనక్కి తేవడమే మిగిలింది. మెకానిక్ కాపీ పెట్టి, జోగుతూ కూర్చున్నాడు. కాసేపటికి గీత ఆగిపోయి, తెర మధ్య చిన్న పెట్టె తెరుచుకుంది.

“ఏమైంది?” అంది ఆవిడ వెనక నుంచి.

“ఏం కాలేదమ్మా. ‘ప్రింటర్’ అనే ఫోల్డరు మీ దాంట్లోనూ ఉంది, సార్ దాంట్లోనూ ఉంది. లోపలి ఫైళ్ళ పేర్లు కూడా అవే. మీ ప్రింటరు తాలూకువై ఉంటాయి. ఒకటుంచి రెండోది తీసేస్తాను.”

“వద్దు,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మెకానిక్ వెనక్కి తిరిగాడు. వాళ్ళు అతన్ని చూడటం లేదు, ఒకర్నొకరు చూసుకుంటున్నారు. ప్రింటరు ఫైళ్ళకి ఇంత గొడవేమిటో అర్థంకాక, అతను ‘పోల్చి చూడు’ అన్నచోట నొక్కాడు.

ఎడమ పక్క ఆయనది, కుడి పక్క ఆవిడది: రెండింట్లోనూ పెద్దవాళ్ళ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, పడిపోకుండా కుర్చీ పట్టుకుని నవ్వుతున్న ఒకే పాప.